లివర్ కాన్సర్: ఆపరేషన్ కుదరదంటే దారి మూసుకుపోయినట్టేనా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ళ నాన్నగారికి అరవై ఒకటో ఏడు. ఆకలి తగ్గింది, మనిషి చిక్కిపోతున్నాడు, కుడి డొక్కలో బరువుగా వుంటోందంటున్నాడు. షుగరు వల్లనేమో అనుకుని రెండు నెలలు గడిపేశారు. చివరికి స్కానింగ్ చేయిస్తే కాలేయంలో తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ కనపడింది. పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి కూడా కొంత పాకిందట. హెపటైటిస్-బి వున్న సంగతి అప్పుడే బయటపడింది. "ఆపరేషన్ చేసే స్థితి దాటిపోయింది" అన్నారు ఒక డాక్టరు. మరో ఊళ్ళో ఇంకో డాక్టరు, "గడ్డకి కరెంటు పెట్టి, ఇమ్యూనోథెరపీ ఇంజక్షన్లు కూడా ఇద్దాం. కొందరిలో మంచి ఫలితాలు వస్తున్నాయి" అన్నారు. ఖర్చు లక్షల్లో వుంది.

ఆ సోదరి మూడు ప్రశ్నలు అడిగారు. అసలిలాంటి వైద్యం నిజంగా వుందా? వున్న ఎకరంన్నర అమ్మి చేయించమంటారా? నాన్నగారికి జబ్బు పేరు చెప్పలేదు, చెప్పకుండానే చేయించవచ్చా?

ఒక్క మాటలో చెప్పాలంటే: వైద్యం వుంది, పొలం సంగతి ఆఖరున ఆలోచించాలి, నాన్నగారికి మాత్రం చెప్పి తీరాలి. ఎందుకో తెలియాలంటే కాస్త వివరంగా మాట్లాడుకోవాలి. ఇదే సమస్యతో వున్న కుటుంబాలు చాలా వున్నాయి కాబట్టి అందరికీ పనికొచ్చేటట్టే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. "లివర్‌లో కాన్సర్" అన్న ప్రతిదీ లివర్ కాన్సర్ కాదు. పెద్దపేగులోనో, రొమ్ములోనో, జీర్ణాశయంలోనో పుట్టిన కాన్సర్ కాలేయానికి పాకవచ్చు. దాని వైద్యం వేరు, మందులు వేరు. ఇక్కడ నేను చెప్పేదంతా కాలేయ కణాల్లోనే పుట్టే కాన్సర్ గురించి. డాక్టర్లు దీన్ని హెపటోసెల్యులర్ కార్సినోమా అంటారు. రిపోర్టుల్లో హెచ్.సి.సి. అని రాస్తారు. మీ కాగితాల్లో ఏం రాసిందో మొదట అది చూడండి.

ఒక మనిషిలో రెండు జబ్బులు

ఈ కాన్సర్‌లో ఒక చిక్కు వుంది. ఇది సాధారణంగా ఆరోగ్యంగా వున్న కాలేయంలో పుట్టదు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌లు, ఏళ్ళ తరబడి తాగుడు, షుగరు, స్థూలకాయంతో కాలేయానికి పట్టే కొవ్వు, వీటిలో ఏదో ఒకటి కాలేయాన్ని ఇరవై ముప్ఫై ఏళ్ళు లోలోపల తింటూ వస్తుంది. కాలేయం గట్టిపడి ముడతలు పడుతుంది. దాన్నే సిరోసిస్ అంటారు. చాలామందిలో ఆ పాడైన నేలలోనే ఈ కలుపు మొలుస్తుంది. హెపటైటిస్-బి వున్నవాళ్ళలో సిరోసిస్ రాకుండానే కాన్సర్ రావడం కూడా వుంది.

అందుచేత డాక్టరు ముందు వున్నది ఒక జబ్బు కాదు, రెండు. గడ్డ ఒకటి, ఆ గడ్డ వున్న కాలేయం ఒకటి. గడ్డని కోసి తీసేస్తే మిగిలిన కాలేయం మనిషిని బతికించగలగాలి. అది చాలదనిపించినా, గడ్డలు రెండు వైపులా చెదిరి వున్నా, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్ అనే పెద్ద నాళంలోకి గడ్డ పాకినా సాధారణంగా కత్తి పెట్టరు. కాలేయ మార్పిడికి కూడా హద్దులున్నాయి. 1996లో ఇటలీలోని మిలాన్ డాక్టర్లు గీసిన గీత ప్రకారం ఒకే గడ్డయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు మూడుంటే ఒక్కోటి 3 సెంటీమీటర్లు దాటకూడదు. తర్వాత ఆ గీతను అక్కడక్కడ సడలించారు గాని, రక్తనాళంలోకి పాకిన తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ ఆ లెక్కలోకి రాదు.

కాబట్టి "ఆపరేషన్ కుదరదు" అంటే "చేసేదేమీ లేదు" అని అర్థం కాదు. "కత్తితో కుదరదు" అని మాత్రమే. ఈ తేడాని విడమరిచి చెప్పే తీరిక మా డాక్టర్లకి చాలాసార్లు వుండదు. వరండాలో నిలబడ్డ కుటుంబం మొదటి మాట విని ఇంటిదారి పడుతుంది.

ఎద్దు మూతికి చిక్కం

ఇమ్యూనోథెరపీ అంటే ఏమిటో చూద్దాం. మన రక్తంలో టి-కణాలని కొన్ని వుంటాయి. ఒంట్లో తేడాగా కనిపించిన కణాన్ని పట్టుకుని చంపడం వాటి పని. మరి కాన్సర్ కణాన్ని ఎందుకు వదిలేస్తున్నాయి?

నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టడం మీలో చాలామంది చూసే వుంటారు. కళ్ళెదుట ధాన్యం వున్నా ఎద్దు నోరు పెట్టలేదు. టి-కణాల మూతికి కూడా పుట్టుకతోనే అలాంటి చిక్కాలున్నాయి. అవి లేకపోతే టి-కణాలు మన ఒంటినే మేసేస్తాయి. కాన్సర్ గడ్డ చేసే మోసం ఏమిటంటే, తన దగ్గరకి వచ్చిన టి-కణానికి ఆ చిక్కం బిగించేస్తుంది. ఆ చిక్కాల్లో ముఖ్యమైనవి రెండు: పి.డి.-1, సి.టి.ఎల్.ఎ.-4. వీటిని విప్పితే కాన్సర్‌కి వైద్యం చేయవచ్చని చూపిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌కీ, జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకీ 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంజక్షన్ చేసే పని చిక్కం విప్పడమే. అది కాన్సర్‌ని తానుగా చంపదు. అందుకని పాత కీమోథెరపీలాగా జుట్టంతా రాలిపోవడం, ఆగని వాంతులు సాధారణంగా వుండవు. కాని చిక్కం విప్పిన ఎద్దు కలుపే తింటుందని, పైరు జోలికి పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

లివర్ కాన్సర్‌లో ఈ మందులు నిలదొక్కుకున్నది 2020లో. అంతకుముందు పదేళ్ళకు పైగా ఆపరేషన్‌కి అందని వాళ్ళకి సొరాఫెనిబ్ అనే మాత్రే పెద్ద దిక్కు. 2008లో వచ్చిన పరిశోధన ప్రకారం అది సగటున ఎనిమిది నెలల ఆయుష్షుని పదకొండు నెలల దగ్గరికి తెచ్చింది. 2020లో అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు ఇంజక్షన్లను కలిపి మూడు వారాలకొకసారి ఇచ్చి, సొరాఫెనిబ్‌తో పోల్చి చూశారు. ఏడాది తర్వాత ఇంజక్షన్లు తీసుకున్న ప్రతి నూరుగురిలో 67 మంది, మాత్రలు వేసుకున్నవాళ్ళలో 55 మంది బతికి వున్నారు. ఇంకొంత కాలం చూశాక ఇంజక్షన్ల వాళ్ళలో సగంమంది 19 నెలలు దాటారు, మాత్రల వాళ్ళలో ఆ లెక్క 13 నెలలు. 2022లో డుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ అనే మరో జంట వచ్చింది. దానితో ప్రతి నూరుగురిలో ఇరవైమంది దాకా ఐదేళ్ళు బతికారు. ఇరవై అంటే తక్కువే. కాని ఈ దశలో ఐదేళ్ళ మాట ఎత్తడమే ఒకప్పుడు గగనం.

ఈ అంకెలు రాస్తుంటే నాకొక జంకు వుంటుంది. చదివేవాళ్ళు తమవాళ్ళ ఆయుష్షుని ఇందులో వెతుక్కుంటారు. ఇవి వందలమంది లెక్కలు. మీ నాన్నగారి ఒక్కరి లెక్క ఇందులో వుండదు.

ఊపిరితో కదిలే గడ్డ

ఇక రేడియేషన్. మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అంటారు. అసలది కరెంటూ కాదు, కాల్చడమూ కాదు. బలమైన ఎక్స్-కిరణాలు. ఒంటికి తగిలినప్పుడు నొప్పి తెలియదు, మంట తెలియదు.

పూర్వం కాలేయానికి రేడియేషన్ అంటే డాక్టర్లే వెనకాడేవారు. కారణం వుంది. కాలేయం మొత్తం మీద కిరణాలు పడితే 30 గ్రేలకు అటూ ఇటూగానే అది దెబ్బతినేది. గ్రే అంటే రేడియేషన్ కొలత. గడ్డని చంపాలంటే అంతకన్నా ఎక్కువ కావాలి. పైగా కాలేయం ఒకచోట నిలబడి వుండదు. డయాఫ్రమ్ కిందే వుంటుంది కనుక మీరు ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు కిందికీ పైకీ జరుగుతుంది. ఊగే కొమ్మ మీది కాయను గురి చూసి కొట్టడం లాంటిదన్నమాట.

ఇప్పుడు ఆ కొమ్మ ఊపుని కొలిచే యంత్రాలొచ్చాయి. ఊపిరితో పాటు గడ్డ ఎంత జరుగుతోందో స్కాన్‌లో ముందే చూస్తారు. పొట్ట మీద బెల్టు బిగించో, కొద్ది సెకన్లు ఊపిరి బిగబట్టమనో కదలిక తగ్గిస్తారు. నాలుగు పక్కల నుంచీ సన్నని కిరణాలను గడ్డ మీద కలిసేటట్టు వదులుతారు. ఒక్కో కిరణం దారిలో కాలేయానికి చేసే హాని తక్కువ, అన్నీ కలిసే చోట దెబ్బ ఎక్కువ. దీన్ని ఎస్.బి.ఆర్.టి. అంటారు. నెలన్నర తిరగనక్కరలేదు. మూడు నుంచి ఐదు సార్లలో అయిపోతుంది. ఇంటికొచ్చిన మనిషి దగ్గర పసిపిల్లలు పడుకున్నా ఏమీ కాదు. ఆయన ఒంట్లో కిరణాలేమీ మిగిలి వుండవు.

రెండో పద్ధతి లోపలి నుంచి. కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. మంచి కాలేయం ఎక్కువగా పోర్టల్ వెయిన్ మీద బతుకుతుంది. గడ్డ మాత్రం ధమని నుంచి రక్తం లాక్కుంటుంది. ఈ తేడాను డాక్టర్లు వాడుకున్నారు. తొడ దగ్గర లేదా మణికట్టు దగ్గర సన్నని గొట్టం పెట్టి, ధమని దారిన గడ్డ దాకా వెళ్ళి, ఇట్రియం-90 పూసిన, కంటికి కనపడనంత చిన్న పూసలను వదులుతారు. వాటి కిరణాలు కొద్ది మిల్లీమీటర్ల దూరమే పోతాయి. రెండున్నర రోజులు దాటేసరికి బలం సగమైపోతుంది. ఈ పద్ధతిలో మాత్రం కొద్దిరోజులు గర్భిణులనీ పిల్లలనీ మరీ దగ్గరగా రానీయవద్దంటారు. ఖర్చు కూడా ఎక్కువే.

రెండూ కలిపితే ఏమవుతుంది?

చిక్కం విప్పినా, ఎద్దుకి కలుపు ఏదో పైరు ఏదో తెలియకపోతే లాభమేమిటి? చాలామందిలో ఇమ్యూనోథెరపీ పనిచేయకపోవడానికి ఒక కారణం ఇదే. గడ్డ తన గుర్తులు దాచుకుని వుంటుంది, టి-కణాలు లోపలికే పోవు.

రేడియేషన్ తగిలిన కాన్సర్ కణాలు చితికిపోయి, లోపల దాగిన గుర్తులు బయట పడతాయి. ఒంట్లోని కాపలా కణాలు ఆ ముక్కలు ఏరుకుని, దగ్గర్లోని లింఫు గ్రంథులకి పట్టుకెళ్ళి టి-కణాలకి చూపిస్తాయి. అలా గుర్తు పట్టడం నేర్చిన టి-కణాలకి చిక్కం కూడా లేకపోతే, కిరణాలు తగలని గడ్డల మీదికి కూడా అవి వెళ్ళవచ్చు. ఒకచోట రేడియేషన్ పెడితే దూరాన వున్న గడ్డ తగ్గడాన్ని ఇంగ్లండులో మోల్ అనే శాస్త్రవేత్త 1953లోనే ప్రస్తావించి దానికొక పేరు పెట్టాడు. రేడియేషన్ ఒక్కదానితో అది చాలా అరుదు. ఇమ్యూనోథెరపీ తోడయ్యాకే దాని మీద మళ్ళీ ఆశ పుట్టింది.

ఇంతకీ రోగుల్లో ఏం కనపడింది? హాంకాంగ్ డాక్టర్లు 2023లో ప్రకటించిన పరిశోధన ఒకటి చెబుతాను. అక్కడ కూడా హెపటైటిస్-బి వల్ల వచ్చే లివర్ కాన్సర్ ఎక్కువ. ఆపరేషన్‌కి కుదరని 33 మందిని తీసుకున్నారు. గడ్డలు చిన్నవేమీ కావు, సగటున 15 సెంటీమీటర్లు. మూడింట రెండొంతుల మందిలో రక్తనాళాల్లోకి పాకి వున్నాయి. మొదట ధమని దారిన మందు పంపి గడ్డకి రక్తం కట్టేశారు. నెల తర్వాత ఐదు సార్లు గురి చూసి రేడియేషన్ పెట్టారు. ఆ తర్వాత రెండు వారాలకొకసారి అవెలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ ఇంజక్షన్ ఇచ్చారు. ముప్ఫై ముగ్గురిలో పద్ధెనిమిది మంది, అంటే సగం కంటే కొంచెం ఎక్కువమంది, జబ్బుని పూర్తిగా తీసేసే వైద్యానికి అర్హులయ్యే స్థితికి వచ్చారు. వారిలో పధ్నాలుగురికి స్కాన్‌లో బతికున్న గడ్డే కనపడలేదు. వాళ్ళని కత్తి పెట్టకుండా కనిపెట్టి చూస్తూ వచ్చారు. మిగతా నలుగురికి ఆ వైద్యం చేశారు.

వినడానికి అద్భుతంగా వుంది. అయినా మీరు గమనించాల్సినవి వున్నాయి. ముప్ఫై ముగ్గురే. పోల్చి చూడడానికి రేడియేషన్ లేకుండా ఇంజక్షన్లు మాత్రమే తీసుకున్న రెండో గుంపు లేదు. బాగుపడడంలో రేడియేషన్ వాటా ఎంత, ఇంజక్షన్ వాటా ఎంత, రక్తం కట్టడం వాటా ఎంత అన్నది ఇలాంటి పరిశోధనలో విడదీయలేం. 2021లో సింగపూర్‌లో ఇట్రియం పూసలకి నివోలుమాబ్ కలిపి 36 మందిలో ఫలితం చూస్తే, నూటికి ముప్ఫైమందిలో గడ్డలు బాగా తగ్గాయి. అదీ చిన్న పరిశోధనే. రేడియేషన్ వాటాను విడిగా చూపినది అమెరికా, కెనడాల్లో ప్రధానంగా జరిగిన మరో పరిశోధన. సొరాఫెనిబ్‌కి రేడియేషన్ కలిపితే సగంమంది 12 నెలలకు బదులు దాదాపు 16 నెలలు దాటారు. అయితే అది మాత్రతో కలిపి చేసినది, ఇమ్యూనోథెరపీతో కాదు. ఈ రెండింటి జోడీని తూచి చూసే పెద్ద పరిశోధనలు నడుస్తున్నాయి.

కాబట్టి ఈ వైద్యం బూటకం కాదు. బాగా ఆలోచించి, తగిన రోగిని ఎంచుకుని చేస్తే మేలు చేయగలదు. కాని "అందరికీ ఇదే ఇస్తున్నాం, గ్యారంటీ" అనే చోట నుంచి మాత్రం లేచి వచ్చేయండి.

ఎవరికి పనికిరాదు?

నేను పైన చెప్పిన పరిశోధనలన్నిటిలో ఒక షరతు వుంది. గడ్డ ఎంత పెద్దదైనా, మిగిలిన కాలేయం చాలావరకు పనిచేస్తూ వుండాలి. దీన్ని కొలవడానికి చైల్డ్-ప్యూ అనే లెక్క వుంది. రక్తంలో బిలిరుబిన్ ఎంత, ఆల్బుమిన్ ఎంత, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోంది, పొట్టలో నీరుందా, మనిషి మగతగా తికమకగా వుంటున్నాడా, ఈ ఐదింటికీ మార్కులు వేస్తారు. 5, 6 వస్తే 'ఎ' తరగతి. 7 నుంచి 9 దాకా 'బి'. 10 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే 'సి'. బడి మార్కులకి తలకిందులు, ఇక్కడ ఎంత తక్కువైతే అంత మంచిది. పరిశోధనల్లోకి తీసుకున్నవాళ్ళలో అత్యధికులు 'ఎ' తరగతివాళ్ళు. కళ్ళు పచ్చబడి, పొట్ట నీటితో బిగిసిపోయిన 'సి' తరగతి రోగికి ఇదే వైద్యం చేస్తే గడ్డ సంగతేమో గాని, మిగిలిన కాలేయం కూడా చేయిదాటిపోతుంది. మొదటి రోజునే మీ డాక్టరుని "మావాళ్ళది ఏ తరగతి?" అని అడగండి. గడ్డ ఎన్ని సెంటీమీటర్లన్న ప్రశ్న కంటే ఈ ప్రశ్న ముఖ్యం.

బెవాసిజుమాబ్ ఇచ్చేముందు ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన సిరలున్నాయేమో చూడాలి. ఆ మందుతో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఉబ్బి వుంటే ముందు వాటికి బ్యాండ్లు వేస్తారు. హెపటైటిస్-బి వున్నవాళ్ళకి టెనోఫోవిర్ గాని ఎంటెకావిర్ గాని ముందుగానే మొదలుపెట్టాలి, లేకపోతే వైరస్ చెలరేగవచ్చు. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కీళ్ళవాతం, లూపస్ లాంటి జబ్బులున్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఎద్దుకి చిక్కం విప్పితే వాళ్ళలో పైరు మేసే భయం ఎక్కువ. గడ్డ జీర్ణాశయానికో పేగుకో ఆనుకుని వుంటే రేడియేషన్ తగ్గించాల్సి వస్తుంది. అక్కడ పుండ్లు పడవచ్చు.

నాన్నగారికి చెప్పకుండా చేయించవచ్చా?

చేయించకూడదు. ఇది నీతి కోసం చెప్పడం లేదు, ప్రాణం కోసం చెబుతున్నాను.

చిక్కం విప్పిన టి-కణాలు పేగుల మీద పడితే రోజుకి ఆరేడుసార్లు విరేచనాలవుతాయి. ఊపిరితిత్తుల మీద పడితే పొడిదగ్గు, ఆయాసం. కాలేయం మీదే పడితే కామెర్లు. థైరాయిడ్ మీద పడితే విపరీతమైన నీరసం. ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చు. ఇవి ఇంజక్షన్ ఇచ్చిన వారంలోనే వస్తాయని లేదు. నెలల తర్వాత రావచ్చు, వైద్యం ఆపేశాక కూడా రావచ్చు. తొందరగా పట్టుకుంటే చాలామందికి స్టెరాయిడ్ మందులతో అదుపులోకి వస్తాయి. ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తాయి.

తనకి "లివర్ వాపుకి బలం ఇంజక్షన్" ఇస్తున్నారనుకునే మనిషి విరేచనాలైతే ఏం చేస్తాడు? నిన్న తిన్న పెసరట్టు పడలేదనుకుంటాడు. మందుల షాపులో రెండు మాత్రలు తెచ్చుకుని వేసుకుంటాడు. మీ వూళ్ళో డాక్టరుకి తాను ఏ ఇంజక్షన్ మీద వున్నాడో చెప్పలేడు. ఆ రెండు మూడు రోజులే కీలకమైనవి. ఈ మందు వాడే ప్రతి మనిషీ జేబులో మందు పేరు రాసిన చీటీ పెట్టుకోవాలంటాను నేను. జబ్బు పేరు తెలియని వాడి జేబులో ఆ చీటీ ఎలా పెడతారు?

ఎలా చెప్పాలన్నది వేరే సంగతి. డాక్టరు ముందు, ఇంట్లో ఆయన మాట వినే ఒకరిని పక్కన పెట్టుకుని చెప్పండి. మొదటి రోజునే అంకెలన్నీ చెప్పనక్కరలేదు. ఆయన అడిగినంత చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పకండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి సగం సంగతి ఎప్పుడో తెలిసే వుంటుంది. మీరు బాధపడతారని వాళ్ళూ, వాళ్ళు బాధపడతారని మీరూ ఎవరికి వారు గోడకి మొహం తిప్పుకుని ఏడుస్తుంటారు. పైగా పొలం ఆయనది. అమ్మాలో వద్దో చెప్పే హక్కు కూడా ఆయనకే వుంది.

పొలం సంగతి

ముందు కాలేయం ఏ తరగతిలో వుందో తేల్చుకోండి. 'సి' అయితే ఈ వైద్యానికి పొలం అమ్మవద్దు. నొప్పి తగ్గించడం, పొట్టలో నీరు తీయించడం, తిండి సయించేలా చూడడం, ఇవి కూడా వైద్యమే. వాటికి లక్షలక్కరలేదు. వీటిని "చేతులెత్తేయడం" అనుకునేవాళ్ళతో నేను ఏకీభవించను.

'ఎ' అయితే ఒకే ఊళ్ళో ఒకే డాక్టరు మాట మీద ఆగిపోకండి. ఈ జబ్బుకి సర్జను, లివర్ డాక్టరు, రేడియేషన్ డాక్టరు, కాన్సర్ మందుల డాక్టరు నలుగురూ ఒకచోట కూర్చుని స్కాన్ చూసి నిర్ణయించాలి. హైదరాబాదులో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా సంస్థ నడిపే హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి వున్నాయి. స్కాన్ సిడి, రక్త పరీక్షల కాగితాలు పట్టుకుని వెళ్ళి రెండో అభిప్రాయం తీసుకోండి. వారం పది రోజులు దీనికి పోతే కొంప మునగదు. రెండు మూడు నెలలు పోతే మునుగుతుంది.

డబ్బు విషయంలో సిగ్గుపడకుండా అడగాల్సినవి వున్నాయి. ఆరోగ్యశ్రీ కిందకి ఏ భాగం వస్తుంది, ఏది రాదు? మందు కంపెనీ రోగులకిచ్చే రాయితీ పథకం వుందా? మన ఆసుపత్రుల్లో జరిగే పరిశోధనలో చేరే వీలుందా? 2024లో కేంద్ర బడ్జెటు డుర్వాలుమాబ్ మీద దిగుమతి సుంకం ఎత్తేసింది. అయినా అది ఖరీదైన మందే. ఇంకొక్క సంగతి. ఈ ఇంజక్షన్లు పనిచేస్తున్నాయో లేదో రెండు మూడు నెలల తర్వాత చేసే స్కాన్‌లో చాలావరకు తెలిసిపోతుంది. ఏడాదికి సరిపడా డబ్బు ఒకేసారి సమకూర్చుకోవాలని పొలాన్ని అయినకాడికి తెగనమ్మకండి. మొదటి స్కాన్ దాకా ఎంతవుతుందో లెక్క కాగితం మీద రాసిమ్మని అడగండి. గడ్డ పెరుగుతూనే వుంటే అక్కడ ఆగి మళ్ళీ ఆలోచించవచ్చు.

ఈలోగా ఇంట్లో

కామెర్లు కనపడగానే పసరు పోయించడం, చేతి మీద వాతలు పెట్టించడం మన వైపు ఇంకా పోలేదు. ఆ పసరులో ఏ ఆకుందో పోసినవాడికి తప్ప తెలియదు. ఉన్న కాస్త కాలేయం మీద ఆ బరువు పెట్టకండి. 'ఎ' తరగతిలో వున్న రోగిని 'బి'లోకి, 'సి'లోకి జార్చడానికి అది చాలు. అప్పుడు పైన చెప్పిన వైద్యాలన్నీ చేజారిపోతాయి. నొప్పి మాత్రలు కూడా అడక్కుండా వేసుకోవద్దు. తాగే అలవాటుంటే ఈ రోజుతో సరి.

రెండో పొరపాటు పథ్యం. లివర్ జబ్బనగానే పప్పు మానిపిస్తారు, గుడ్డు మానిపిస్తారు, పెరుగు మానిపిస్తారు. చారన్నం పెట్టి ఎండగడతారు. ఇది తప్పు. ఈ రోగికి కండ కరిగిపోతూ వుంటుంది. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, తినేవాళ్ళయితే చేప, కోడిమాంసం పెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి, గ్లాసుడు పాలో రెండు ఇడ్లీలో ఇవ్వండి. పొట్టలోనో కాళ్ళలోనో నీరుంటే మాత్రం ఉప్పు తగ్గించాలి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు పక్కన పెట్టాలి. మన భోజనంలో అసలు కష్టం అదే.

చివరగా మిగతా కుటుంబం గురించి. హెపటైటిస్-బి తల్లి నుంచి బిడ్డకి పురిట్లోనూ, రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా, భార్యాభర్తల మధ్యా సోకుతుంది. ఈ వైరస్‌ని కనిపెట్టిన బ్లూంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. టీకా వచ్చాక తైవాన్ 1984లో పుట్టిన బిడ్డలకి వేయడం మొదలుపెడితే అక్కడ పిల్లల్లో లివర్ కాన్సర్ బాగా తగ్గిపోయింది. మన దేశంలో మాత్రం విదేశాల నుంచి వచ్చే ఆ టీకా చాలాకాలం మామూలు సంసారికి అందలేదు. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ మన దేశంలోనే తయారుచేసి విడుదల చేశాక ధర దిగివచ్చింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన బిడ్డకి 24 గంటల్లోపే మొదటి డోసు ఉచితంగా వేస్తారు.

ఇంట్లో ఒకరికి బి వుందని తెలిస్తే భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ హెచ్.బి.ఎస్. యాంటిజన్ అనే రక్త పరీక్ష చేయించుకోవాలి. లేనివాళ్ళు, ఇంతకుముందు టీకా వేయించుకోకపోతే, మూడు డోసులు వేయించుకోవాలి: ఈ రోజు ఒకటి, నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. వున్నవాళ్ళు కంగారుపడనక్కరలేదు, వారిలో ఎక్కువమందికి కాన్సర్ రాదు. అయితే ఇంట్లో ఒకరికి లివర్ కాన్సర్ వచ్చిన కుటుంబంలో వాళ్ళు ఆరు నెలలకొకసారి పొట్ట స్కానింగ్, ఎ.ఎఫ్.పి. రక్త పరీక్ష చేయించుకుంటూ వుండాలి. రెండు సెంటీమీటర్ల దగ్గర దొరికిన గడ్డకి మామూలుగా ఇన్ని తంటాలుండవు. వైరస్ మందులు అవసరమైనవాళ్ళకి, 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద నిర్ణయించిన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

కలిసి తిన్నందువల్ల, ఒకే మంచం మీద కూర్చున్నందువల్ల ఈ వైరస్ అంటుకోదు. ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టకండి. షేవింగ్ బ్లేడు, పళ్ళు తోముకునే బ్రష్షు, గోళ్ళు తీసుకునే కత్తెర మాత్రం ఎవరివి వారికి వుండాలి.